గేమ్‌లకూ వీడియో ఎడిటింగ్‌కూ ఒకే కంప్యూటర్: విడిభాగాల ఎంపిక ఎక్కడ మొదలుపెట్టాలి?

సొంతంగా కంప్యూటర్ అసెంబుల్ చేసుకోవాలనుకునేవాళ్లు మొదట అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ఏ ప్రాసెసర్ తీసుకోవాలి? గేమ్‌లు ఆడటానికి మాత్రమే అయితే అక్కడ మొదలుపెట్టినా పెద్ద నష్టం లేదు. వీడియో ఎడిటింగ్ కూడా తోడైతే మాత్రం అక్కడ మొదలుపెట్టకూడదు. ముందు తేలాల్సినవి రెండు. మీ కెమెరా ఏ రకం ఫైళ్లు ఇస్తోంది? మీ బల్ల మీద ఏ మానిటర్ ఉండబోతోంది? ఈ రెండూ తెలిస్తే మిగతా భాగాల్లో సగం వాటంతటవే ఖాయమవుతాయి. తెలియకపోతే ఎంత ఖరీదైన భాగాలు పేర్చినా, గేమ్ హాయిగా నడిచే అదే మెషీన్‌లో ఎడిటింగ్ టైమ్‌లైన్ (క్లిప్‌లను వరసగా పేర్చి కోసే పట్టీ) మాత్రం ఆగి ఆగి కదులుతుంది. అలాంటప్పుడు చాలామంది నేరం ర్యామ్ మీద వేసి ఇంకో జత కొంటారు. సమస్య అలాగే ఉంటుంది.

గేమ్‌కు గడువు, ఎక్స్‌పోర్ట్‌కు బలం

గేమ్‌లో ప్రతి ఫ్రేముకూ ఒక గడువు ఉంటుంది. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్లు, 144 రావాలంటే 6.9. ఆ లోపల ప్రాసెసర్ ఎవరు ఎక్కడున్నారు, ఏది దేనికి తగిలింది, తెరమీద ఏమేం కనిపించాలి అన్న లెక్కలు ముగించి గ్రాఫిక్స్ కార్డుకు పని అప్పజెప్పాలి. ఈ లెక్కల్లో చాలావరకు ఒకటి తేలితేగానీ ఇంకొకటి మొదలవదు. అందుకే వాటిని పదహారు కోర్లకు (ప్రాసెసర్‌లో విడివిడిగా లెక్కలు చేసే భాగాలకు) పంచి పెట్టడం కుదరదు. కొన్ని కోర్లే అయినా చురుగ్గా ఉండాలి, కావాల్సిన డేటా వాటికి చేతికందేంత దగ్గర్లో ఉండాలి. ఏఎండీ ఎక్స్3డీ ప్రాసెసర్లు గేమ్‌లలో ముందుండటానికి కారణం ఇదే. రైజెన్ 7 9800ఎక్స్3డీలో ఉన్నవి 8 కోర్లే, కానీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) 96 ఎంబీ. అదే తరానికి చెందిన 8 కోర్ల 9700ఎక్స్‌లో అది 32 ఎంబీ. డేటా కోసం ర్యామ్ దాకా వెళ్లి రావాల్సిన అవసరం తగ్గుతుంది కాబట్టి గడువు దాటిపోయే ఫ్రేములూ తగ్గుతాయి.

ఎక్స్‌పోర్ట్‌లో, అంటే కోసిన వీడియోను పూర్తి ఫైలుగా తయారుచేసేటప్పుడు, పని తీరు వేరు. అక్కడ ఏ ఒక్క ఫ్రేముకూ గడువు లేదు, మొత్తం పని ఎంతసేపట్లో అయిందన్నదే లెక్క. ఎన్ని కోర్లుంటే అన్నిటికీ ఎంతో కొంత పని దొరుకుతుంది. ఎఫెక్టులు, కలర్ గ్రేడింగ్ (రంగులు దిద్దడం) లాంటివి చాలావరకు గ్రాఫిక్స్ కార్డు చేస్తుంది, ముఖ్యంగా డావించీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో. కానీ ఎడిటర్ రోజులో ఎక్కువసేపు ఎక్స్‌పోర్ట్ చేస్తూ కూర్చోడు. టైమ్‌లైన్ మీద వెతుకుతూ, కోస్తూ, వెనక్కీ ముందుకీ జరుపుతూ ఉంటాడు. ఆ పని హాయిగా సాగుతుందా లేదా అన్నది కోర్ల సంఖ్య కన్నా ఫైలు రకం మీద ఎక్కువ ఆధారపడుతుంది. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుదాం.

అన్నిటికన్నా ముందు కోడెక్

ఫోన్లు, చాలా కెమెరాలు హెచ్.264 లేదా హెచ్.265 కోడెక్‌లో (వీడియోను కుదించి దాచే పద్ధతిలో) రికార్డు చేస్తాయి. ఈ ఫైళ్లలో సాధారణంగా ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండదు. ఫ్రేములు గుంపులుగా ఉంటాయి, ఒక్కో గుంపు మొదట్లో ఒక ఫ్రేము పూర్తిగా ఉంటుంది. తర్వాతివి తమకు ముందున్న ఫ్రేముతో పోలిస్తే ఏం మారిందో అంతవరకే దాచుకుంటాయి. కొన్నయితే వెనకదాన్నీ ముందుదాన్నీ రెండింటినీ చూసుకుని తేడా రాసుకుంటాయి. ఫైలు చిన్నదవడానికి ఇదే కారణం. మొదటి నుంచి చివరిదాకా వరసగా ప్లే చేస్తే ఏ ఇబ్బందీ ఉండదు.

ఎడిటింగ్‌లో ఎవరూ అలా చూడరు. మీరు ప్లేహెడ్‌ను (టైమ్‌లైన్ మీద ఎక్కడున్నామో చూపే గీతను) లాగి ఒకచోట వదిలారు, అది గుంపులో 20వ ఫ్రేము అనుకోండి. దాన్ని చూపించాలంటే సాఫ్ట్‌వేర్ ముందు గుంపు మొదట్లోని పూర్తి ఫ్రేము దగ్గరికి వెళ్లాలి. అక్కడి నుంచి తేడాలన్నీ వరసగా విప్పుకుంటూ 20 దాకా రావాలి. ఒక్క ఫ్రేము వెనక్కి జరపమంటే, విప్పినవి దాచుకోకపోతే మళ్లీ మొదటి నుంచి అదే తంతు. మల్టీక్యామ్‌లో మూడు కెమెరాలుంటే ఇదంతా మూడు రెట్లు. తెరమీద కనబడే ఒక్క ఫ్రేము వెనక మనకు కనబడని పని ఇంత ఉంది.

ఈ విప్పే పనిని ప్రాసెసర్ కోర్ల మీద పడనివ్వకుండా చేసిపెట్టడానికి గ్రాఫిక్స్ చిప్‌లో ప్రత్యేకంగా ఒక భాగం ఉంటుంది. అదే హార్డ్‌వేర్ డీకోడర్. ఇంటెల్‌లో దాని పేరు క్విక్ సింక్, ఎన్‌విడియాలో ఎన్‌వీడెక్. ఈ డీకోడర్‌కు మీ ఫైలు రకం తెలిసి ఉంటే అంతా సాఫీగా సాగుతుంది. తెలియకపోతే భారం మొత్తం కోర్ల మీద పడుతుంది. డీకోడర్ ఉంటే అన్నీ విప్పేస్తుందని చాలామంది అనుకుంటారు గానీ అది నిజం కాదు.

ఏ డీకోడర్‌కు ఏది తెలుసన్న తేడా ఎక్కువగా బయటపడేది 4:2:2 అనే రంగు పద్ధతి దగ్గర. వీడియోలో వెలుగు సమాచారం ప్రతి పిక్సెల్‌కూ ఉంటుంది, రంగు సమాచారాన్ని మాత్రం పొదుపుగా దాస్తారు. 4:2:0లో రెండు వరసల్లో పక్కపక్కనున్న నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకే రంగు విలువ. 4:2:2లో రెండేసి పిక్సెళ్లకు ఒకటి. అంటే రెండో దాంట్లో రంగు వివరం రెట్టింపు ఉంటుంది, గ్రీన్ స్క్రీన్ అంచులు, గ్రేడింగ్ మెరుగ్గా వస్తాయి. అందుకే 10-బిట్ (ఒక్కో విలువకు మామూలు 8-బిట్ కన్నా ఎక్కువ మెట్లుండే) 4:2:2 రికార్డింగ్‌ను కెమెరా కంపెనీలు గొప్పగా చెప్పుకుంటాయి. అదే ఫైలు ఇంటికొచ్చాక కంప్యూటర్‌ను ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. హెచ్.265 10-బిట్ 4:2:2ను ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్ 11వ తరం నుంచి విప్పగలుగుతోంది. ఎన్‌విడియా కార్డులకు ఆ సామర్థ్యం 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 శ్రేణితో దక్కింది. 40 శ్రేణిలో అన్నిటికన్నా పెద్దదైన 4090కి కూడా అది లేదు. రైజెన్ 7000, 9000 డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఉండే చిన్న గ్రాఫిక్స్‌కూ లేదు.

అంటే ఒకటి తేలుతోంది. పాత ఆర్‌టీఎక్స్ కార్డుతో, రైజెన్ ప్రాసెసర్‌తో 4:2:2 ఫుటేజ్ కోస్తున్నవాళ్లకు ఆ పని చేసిపెట్టే భాగం ఆ మెషీన్‌లో ఎక్కడా లేదు. ఇంటెల్ కొనేటప్పుడు పేరు చివర్న ‘ఎఫ్’ అక్షరం ఉన్న ప్రాసెసర్ తీసుకుంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు, దాంతోపాటే క్విక్ సింక్ కూడా పోతుంది. కొంత తగ్గింపు వస్తుందని ఎఫ్ రకం కొనడం గేమర్‌కు మంచి నిర్ణయమే. ఎడిటర్‌కు ఆ తగ్గింపు అక్కర్లేదు.

మీ ఫైలు ఏ రకమో తెలుసుకోవడం తేలిక. మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక క్లిప్ తెరిస్తే కోడెక్, బిట్ డెప్త్ (8-బిట్, 10-బిట్ లాంటిది), క్రోమా సబ్‌శాంప్లింగ్ (4:2:0, 4:2:2 లాంటిది) మూడూ కనిపిస్తాయి. ఇప్పుడున్న కంప్యూటర్ ఆ క్లిప్‌ను ఎలా విప్పుతోందో చూడాలంటే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో దాన్ని ప్లే చేస్తూ టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి జీపీయూ దగ్గర ‘వీడియో డీకోడ్’ గ్రాఫు గమనించండి. గీత పైకి లేస్తే డీకోడర్ పనిచేస్తున్నట్టు. గీత సున్నా దగ్గరే పడుకుని, ప్రాసెసర్ గ్రాఫు మాత్రం పైకప్పును తాకుతుంటే కోర్లే మోస్తున్నట్టు. ఇక్కడ సాఫ్ట్‌వేర్ పాత్ర కూడా ఉంది. రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో హార్డ్‌వేర్ డీకోడింగ్‌కు పరిమితులు ఉన్నాయి. కొత్త కార్డు కొనే ముందు మీ వెర్షన్ దేన్ని వాడుకోగలదో చూసుకోండి.

కొత్త కంప్యూటర్ కొనకుండానే ఈ చిక్కు తీరే దారి ఒకటుంది: ప్రాక్సీలు, అంటే కోయడం కోసం చేసుకునే తేలికైన నకళ్లు. ప్రోరెస్, డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ లాంటి కోడెక్‌లలో ప్రతి ఫ్రేమూ దేనిమీదా ఆధారపడకుండా విడిగా ఉంటుంది కాబట్టి ఎక్కడ వదిలితే అక్కడ వెంటనే తెరుచుకుంటుంది. 4కె క్లిప్‌లకు 1080పీ ప్రాక్సీలు తయారుచేసుకుని, వాటిమీద కోసి, ఎక్స్‌పోర్ట్ మాత్రం అసలు ఫైళ్ల నుంచి చేస్తారు. ఇది మెషీన్ చాలనివాళ్లు పడే తిప్పలని కొందరు చిన్నచూపు చూస్తారు. పెద్ద పెద్ద ఎడిటింగ్ గదుల్లో కూడా పని ఇలాగే నడుస్తుంది. నెలకు రెండు మూడు వీడియోలు చేసేవాళ్లు ముందు ప్రాక్సీలు వాడి చూసి, ఆ తర్వాతే కొత్త మెషీన్ సంగతి ఆలోచించడం మేలు.

ఇప్పుడు ప్రాసెసర్ సంగతి తేల్చవచ్చు. మీది 4:2:0 ఫుటేజ్ అయినా, ఆర్‌టీఎక్స్ 50 కార్డు తీసుకోబోతున్నా డీకోడింగ్ బెంగ లేదు. గేమ్‌లే ఎక్కువైతే 8 కోర్ల ఎక్స్3డీ, ఎక్స్‌పోర్ట్‌లే ఎక్కువైతే 12 లేదా 16 కోర్లది. రెండూ గట్టిగా కావాలంటే 9950ఎక్స్3డీ లాంటి 16 కోర్ల ఎక్స్3డీలు ఉన్నాయి గానీ, వాటిలో అదనపు క్యాష్ సగం కోర్లున్న చిప్ మీదే ఉంటుంది. గేమ్ ఆ సగంలోనే నడవాలి కాబట్టి చిప్‌సెట్ డ్రైవర్లు, విండోస్ సరిగ్గా అప్‌డేట్ అయి ఉండాలి. 4:2:2 ఫుటేజ్ ఉండి, పాత గ్రాఫిక్స్ కార్డే కొనసాగించాలంటే ఇంటెల్ వైపు మొగ్గడమే తెలివైన పని. కోర్ అల్ట్రా 7 265కె 20 కోర్లతో ఈ పనికి చక్కగా సరిపోతుంది.

గ్రాఫిక్స్ కార్డు, దాని ముందున్న మానిటర్

1080పీ తెరలో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు, 1440పీలో 36.9 లక్షలు, 4కెలో 82.9 లక్షలు. మొదటిదానికి మూడోది సరిగ్గా నాలుగింతలు. ప్రాసెసర్ చేసే లెక్కలు రిజల్యూషన్‌తో పెద్దగా మారవు, గ్రాఫిక్స్ కార్డు గీయాల్సింది మాత్రం పిక్సెళ్లతో పాటే పెరుగుతుంది. అందుకే 1080పీలో ఎక్కువ ఫ్రేముల కోసం ఆడేవాళ్లకు ప్రాసెసర్, 4కెలో ఆడేవాళ్లకు గ్రాఫిక్స్ కార్డు అడ్డంకి అవుతుంది. రెండు భాగాల పేర్లు కొడితే ‘బాటిల్‌నెక్ ఇంత శాతం’ అని చెప్పే కాలిక్యులేటర్లను నమ్మకండి. అడ్డంకి ఒకే గేమ్‌లో కూడా సీను సీనుకూ మారుతుంది, దాన్ని ఒక అంకెలో చెప్పడం కుదరదు.

డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ లాంటి అప్‌స్కేలింగ్ (తక్కువ పిక్సెళ్లతో గీసి తర్వాత తెరకు సరిపడా పెంచడం) వచ్చాక ఈ లెక్క ఇంకాస్త మారింది. 4కె తెర మీద క్వాలిటీ మోడ్ పెడితే గేమ్ లోపల గీస్తున్నది 1440పీ. కార్డు మీద భారం తగ్గి ఫ్రేములు పెరిగాయంటే ప్రాసెసర్ మీద భారం పెరిగినట్టే. 4కెలో ఆడతాం కదా, ప్రాసెసర్ ఏదైనా ఫరవాలేదన్న పాత సలహా ఇప్పుడు అన్నిచోట్లా పనిచేయదు.

ఈ రెండు పనులకూ కలిపి తీసుకునే కార్డులో నేను మొదట చూసేది వీడియో మెమరీ. గేమ్‌లో అది చాలకపోతే టెక్స్చర్లు మసకబారతాయి, లేదా ఆట కుదుపులతో నడుస్తుంది. రిజాల్వ్‌లో చాలకపోతే జీపీయూ మెమరీ నిండిపోయిందన్న సందేశం వచ్చి పని ఆగిపోతుంది. ముఖ్యంగా 4కె టైమ్‌లైన్ మీద నాయిస్ రిడక్షన్ (బొమ్మలోని చుక్కలు తగ్గించే ఎఫెక్టు) పెట్టినప్పుడు ఇది ఎదురవుతుంది, ఎందుకంటే ముందు వెనక ఫ్రేములను కూడా అది మెమరీలో పట్టుకుని ఉంచాలి. 4కె ఎడిటింగ్ చేసేవాళ్లకు 12 జీబీ కన్నా తక్కువది వద్దంటాను, 16 ఉంటే నిశ్చింత. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ ఒకే పేరుతో 8 జీబీ, 16 జీబీ రెండు రకాలుగా వస్తోంది. పెట్టె మీద పేరు చూసి సరిపెట్టుకోకుండా జీబీ అంకె చదవండి.

ఎన్‌విడియానా, ఏఎండీనా అంటే, గేమ్‌లు మాత్రమే అయితే రెండూ చూడదగ్గవే. ఎడిటింగ్, త్రీడీ కూడా ఉంటే ఎన్‌విడియా వైపు మొగ్గు చూపిస్తాను. చాలా ప్లగిన్లు, రెండర్ ఇంజన్లు ముందుగా క్యూడాకే (ఎన్‌విడియా కార్డులకే చెందిన ప్రోగ్రామింగ్ వేదికకే) తయారవుతాయి.

మానిటర్ విషయంలో 27 అంగుళాల 1440పీ, 144 హెర్ట్జ్ లేదా ఆపైన, ఐపీఎస్ ప్యానెల్, ఎస్ఆర్‌జీబీ (ఇంటర్నెట్‌లో వాడే ప్రామాణిక రంగుల శ్రేణి) రంగులను పూర్తిగా చూపించేది అయితే రెండు పనులకూ మధ్యేమార్గంగా సరిపోతుంది. ఇంటర్నెట్ కోసం చేసే వీడియోలకు ఎస్ఆర్‌జీబీ సరిగ్గా ఉండటమే ముఖ్యం.

ర్యామ్, డిస్కులు

గేమ్‌లకు 32 జీబీ ధారాళం. ఎడిటింగ్‌కు అదే కనీసం. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ (మోషన్ గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లు ఎందుకు ఇంకా అడుగుతారో ఒక్క ఫ్రేము లెక్క వేస్తే తెలుస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ ప్రివ్యూ కోసం తయారైన ఫ్రేములను ర్యామ్‌లో విప్పి ఉంచుతుంది. 4కెలో 82.9 లక్షల పిక్సెళ్లు, పిక్సెల్‌కు పారదర్శకతతో కలిపి నాలుగు విలువలు, 16-బిట్‌లో ఒక్కో విలువకు రెండు బైట్లు. అంటే ఫ్రేముకు 66 ఎంబీ. సెకనుకు 30 ఫ్రేములైతే సెకనుకు దాదాపు 2 జీబీ. పది సెకన్ల ప్రివ్యూకే 20 జీబీ చేరిపోతుంది. అలాంటి పని చేసేవాళ్లు 64 జీబీ పెట్టుకోవడం దుబారా అనిపించుకోదు.

ఎంత కావాలో అంతా రెండు స్టిక్కులుగానే తీసుకోండి. ఇప్పుడు రెండు, తర్వాత ఇంకో రెండు అన్న ఆలోచన డీడీఆర్5తో పొసగదు. రైజెన్ 9000లో రెండు స్టిక్కులకు ఏఎండీ అధికారికంగా హామీ ఇచ్చే వేగం 5600 అయితే, నాలుగు పెడితే అది 3600కు పడిపోతుంది. కొందరికి నాలుగు స్టిక్కులు ఎక్కువ వేగంతోనే నడుస్తాయి గానీ దాన్ని నమ్ముకుని కొనకూడదు. ర్యామ్ వేగంతో పాటు సీఎల్ అంకె (అడిగిన డేటా అందడానికి పట్టే ఆలస్యాన్ని చెప్పేది) కూడా చూడాలి. 6000 వేగంలో సీఎల్30 అంటే 10 నానోసెకన్ల ఆలస్యం, సీఎల్40 అంటే 13.3. రైజెన్‌కు 6000, సీఎల్30 చక్కటి జోడీ.

డిస్కుల దగ్గర పెట్టెల మీద రాసే అంకెలు మనల్ని బాగా ఊరిస్తాయి. పాత సాటా కనెక్షన్ ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ, పీసీఐఈ 4.0 రకం 7000 దాకా, 5.0 రకం దానికి రెట్టింపు. ఇప్పుడు మీ ఫుటేజ్ ఎంత అడుగుతుందో చూడండి. 100 మెగాబిట్ల 4కె ఫైలుకు సెకనుకు 12.5 ఎంబీ చాలు, గంటకు 45 జీబీ. టైమ్‌లైన్ ఆగుతోందని 5.0 డిస్కు కొనడం వృథా, అక్కడ ఆగుతున్నది డీకోడింగ్. మంచి 4.0 డిస్కు గేమ్‌లకూ ఎడిటింగ్‌కూ సరిపోతుంది. చూడాల్సింది లోపలి చిప్‌ల రకం. క్యూఎల్‌సీ డిస్కులు మొదట వేగంగా రాస్తాయి, లోపలున్న తాత్కాలిక క్యాష్ నిండగానే వేగం ఒక్కసారిగా పడిపోతుంది. గేమ్ ఇన్‌స్టాల్ చేసేవాళ్లకు అది తెలియను కూడా తెలియదు. మెమరీ కార్డుల నుంచి వందల జీబీలు దింపుకునేవాళ్లకు బాగా తెలుస్తుంది. ఎడిటింగ్ డిస్కుకు టీఎల్‌సీ రకమే తీసుకోండి. ప్రోరెస్‌లో పనిచేస్తే చోటు లెక్క వేరు: 30 ఫ్రేముల 4కె ప్రోరెస్ 422 గంటకు సుమారు 265 జీబీ తింటుంది. పాత ప్రాజెక్టులు దాచడానికి హార్డ్‌డిస్కు ఇప్పటికీ పనికొస్తుంది.

మదర్‌బోర్డు, పవర్ సప్లై, వేడి

మదర్‌బోర్డు ఎంచుకునే ముందు దాని మాన్యువల్‌ను కంపెనీ సైటు నుంచి దింపుకుని, ఎం.2 స్లాట్ల (ఎస్‌ఎస్‌డీలు దిగే చోట్ల) పేజీ చదవండి. కొన్ని బోర్డుల్లో ఒక ఎం.2 స్లాట్ నింపితే రెండు సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి, ఇంకొన్నిటిలో గ్రాఫిక్స్ కార్డు స్లాట్‌కు అందే డేటా దారులు సగానికి తగ్గుతాయి. మూడు నాలుగు డిస్కులు పెట్టే ఎడిటర్‌కు ఇది తప్పక ఎదురవుతుంది. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయాస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందు నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసే బటన్ ఉన్న బోర్డు మేలు, ఎందుకంటే బోర్డు కన్నా కొత్త ప్రాసెసర్ పెడితే అప్‌డేట్ లేకుండా అది ఆన్ కాకపోవచ్చు. ఇంటెల్ 13, 14వ తరం ప్రాసెసర్లు సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి. ఎక్కువ వోల్టేజీ వల్ల వాటిలో కొన్ని క్రమంగా దెబ్బతిన్నాయి, 2024లో ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణలు ఇచ్చి వారంటీని రెండేళ్లు పొడిగించింది. అప్పటికే దెబ్బతిన్నదాన్ని ఏ సవరణా బాగుచేయదు.

పవర్ సప్లై దగ్గర పొదుపు చేయకండి. 80 ప్లస్ గోల్డ్ అన్న ముద్ర అది కరెంటును ఎంత వృథా చేయకుండా వాడుతుందో మాత్రమే చెబుతుంది, లోపలి నాణ్యతకు అది హామీ కాదు. కార్డు 300 వాట్లు, పెద్ద ప్రాసెసర్ గట్టిగా పనిచేసేటప్పుడు 230 వాట్లు, మిగతావి ఇంకో వంద దాకా అనుకుంటే 630. గ్రాఫిక్స్ కార్డులు కంటికి కనబడనంత తక్కువసేపు తమ మామూలు వాడకాన్ని మించి లాగుతాయి కాబట్టి 850 వాట్లది తీసుకుంటే నిబ్బరంగా ఉంటుంది. ఏటీఎక్స్ 3.0, 3.1 ప్రమాణాలు ఈ ఎగుడుదిగుళ్లను దృష్టిలో పెట్టుకుని వచ్చినవే. కొత్త కార్డుల 16 పిన్నుల కనెక్టర్‌ను చివరిదాకా నొక్కాలి, మధ్యలో ఖాళీ కనిపించకూడదు. 2022లో కొన్ని 4090 కార్డుల దగ్గర కరిగిపోయినవి ఇవే, సరిగ్గా దిగకపోవడం అందులో ఒక ముఖ్య కారణం. ఇంకో మాట, పాత పవర్ సప్లై కేబుళ్లను కొత్తదానికి పెట్టకండి. ప్లగ్గు అతికినట్టు దిగినా పవర్ సప్లై వైపు పిన్నుల అమరిక కంపెనీని బట్టి, ఒక్కోసారి మోడల్‌ను బట్టి మారుతుంది. తప్పు కేబుల్ పెడితే డిస్కులు కాలిపోవచ్చు.

కూలర్‌ను గేమ్‌ల కోసం కాకుండా ఎక్స్‌పోర్ట్ కోసం ఎంచుకోవాలి. గేమ్ ప్రాసెసర్‌ను కాసేపు కాసేపు వేడెక్కిస్తుంది, ఎక్స్‌పోర్ట్ అన్ని కోర్లనూ అరగంట సేపు ఊపిరి తీసుకోనివ్వదు. 8 కోర్లకు మంచి టవర్ ఎయిర్ కూలర్ చాలు. 16 కోర్లకు, పెద్ద ఇంటెల్ ప్రాసెసర్లకు 360 మిల్లీమీటర్ల లిక్విడ్ కూలర్ ఉపయోగపడుతుంది. క్యాబినెట్ ముందు వైపు జాలీ ఉన్నది తీసుకోండి, కార్డు పొడవు, కూలర్ ఎత్తు పడతాయో లేదో కొలతలు చూసుకోండి. పెద్ద టవర్ కూలర్లు 165 మిల్లీమీటర్లు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే ఉంటాయి.

అన్నీ బిగించి మొదటిసారి ఆన్ చేశాక బయాస్‌లోకి వెళ్లి ర్యామ్‌కు ఎక్స్‌పో లేదా ఎక్స్ఎంపీ (ర్యామ్‌ను పెట్టె మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయాలి. లేకపోతే 6000 వేగానికి కొన్న ర్యామ్ 4800 దగ్గరే నడుస్తుంటుంది, అదేమీ పైకి చెప్పదు. రెండు స్టిక్కులు ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో, నాలుగో స్లాట్లలో ఉండాలి. ఇంటెల్‌తో క్విక్ సింక్ కోసం వెళ్లినవాళ్లు, గ్రాఫిక్స్ కార్డు ఉన్నా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ ఆన్‌లోనే ఉండేలా బయాస్‌లో సెట్ చేయాలి. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి. విండోస్ చాలాసార్లు 144 హెర్ట్జ్ మానిటర్‌ను కూడా 60 దగ్గరే ఉంచుతుంది, డిస్‌ప్లే సెట్టింగుల్లో దాన్ని మార్చండి. తర్వాత మీ కెమెరా క్లిప్ ఒకటి టైమ్‌లైన్ మీద వేసి, టాస్క్ మేనేజర్‌లో వీడియో డీకోడ్ గీత లేస్తోందో లేదో చూడండి.